శిక్షకుని సమయస్ఫూర్తి

పర్వదినాలలో దేవాలయాలకు తరలివచ్చే యాత్రికుల సంఖ్య అనేక రెట్లు పెరుగుతుంది. క్యూలైన్లలో మంచినీరు అందించడం, అన్నప్రసాదం వడ్డించడం, వృద్ధులకు చేయూతనివ్వడం, తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రుల చెంతకు చేర్చడం, సొమ్మసిల్లినవారికి ప్రథమ చికిత్స చేయడం వంటి పనులెన్నో స్వచ్ఛందంగా వచ్చే సేవకుల చేతుల మీదుగా జరుగుతాయి. సేవ చేయాలన్న సంకల్పం ఒక్కటే ఇందుకు చాలదు. చేసే విధానం కూడా తెలియాలి. అందుకే విధులలో ప్రవేశించే ముందు సేవకులకు శిక్షణ తరగతులు నిర్వహిస్తారు.

ఈ తరగతులు నడిపేవారు ఎక్కువగా విశ్రాంత ఉపాధ్యాయులు, నర్సులు, అనుభవజ్ఞులైన పాత సేవకులు. వారు చెప్పవలసిన విషయాన్ని చక్కగా రాసుకొని, వరుసక్రమం ఏర్పరచుకొని వస్తారు. కాని మందిరంలో అడుగుపెట్టేసరికి పరిస్థితి వేరుగా ఉండవచ్చు. నలభై మంది వస్తారనుకున్న చోట నూరు మంది కూర్చొని ఉంటారు. రెండు గంటలు అనుకున్న సమయం ముప్పావు గంటకు కుదించుకుపోతుంది. కరెంటు పోతుంది. రాత్రంతా రైలులో ప్రయాణించి వచ్చినవారి కనురెప్పలు వాలిపోతుంటాయి. అప్పుడు రాసుకున్నదంతా చదివి ముగించడం సులువే. అయితే తరగతి ముగిసినంత మాత్రాన విద్య అబ్బినట్లు కాదు.

ఒక ప్రథమ చికిత్స తరగతిని ఉదాహరణగా తీసుకొని, అనుకోని పరిస్థితిలో బోధనను అప్పటికప్పుడు ఎలా మలచుకోవాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఇందుకు మన ప్రాచీన గ్రంథాలలోని కొన్ని బోధనా సన్నివేశాలు మనకు దారి చూపుతాయి.

మార్చకూడనిది ఏది?

మార్పు చేయదలచినవారు ముందుగా మార్చకూడనిదేదో నిశ్చయించుకోవాలి. రథం ఏ వీధి గుండా తిరిగినా ఇరుసు స్థిరంగా ఉండాలి. తరగతికి వెళ్ళే ముందే శిక్షకుడు ఒక చిన్న కాగితంపై మూడే మూడు విషయాలు రాసుకోవాలి. ఎంత సమయం తగ్గినా, ఎవరు వచ్చినా, ఏమి జరిగినా ఇవి అందరికీ చేరి తీరాలి.

మన ఉదాహరణకు ఆ మూడు విషయాలు ఇలా ఉండవచ్చు. మొదటిది, స్పృహలో లేనివారి నోటిలో నీరుగాని, మరే ద్రవంగాని పోయరాదు. రెండవది, పిలిచినా కదిపినా పలకకుండా, సహజంగా శ్వాసించకుండా ఉన్న పెద్దవారిని చూస్తే వెంటనే 108కి ఫోను చేయించి, ఛాతీ నడుమ రెండు చేతులతో బలంగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున, 6 సెంటీమీటర్లు మించకుండా నొక్కాలి. మూడవది, ఓ.ఆర్.ఎస్. పొడిని ప్యాకెట్టు మీద రాసి ఉన్నంత నీటిలోనే కలపాలి. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీటికి సరిపోతుంది. 200 మిల్లీలీటర్ల నీటికి సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా ఉన్నాయి. ఒకదాన్ని మరొకటిగా పొరబడరాదు.

దాతల విరాళంతో కొన్న ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఒక సేవకుని చేతిలో సరిగా కలిస్తే దప్పికతో వాడిపోయిన బిడ్డకు ప్రాణం లేచివస్తుంది. అదే పొడిని ఒక గ్లాసు నీటిలో కలిపి పట్టిస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. ఆ దానం ఫలించడం, ఫలించకపోవడం ఈ తరగతిలోనే తేలుతుంది. కాబట్టి ఆ కొలత కదలరాదు. దానిని బోధించే మార్గం మాత్రం వినేవారిని బట్టి ఎటైనా తిరగవచ్చు.

ఏది ముందు?

సుందరకాండలో హనుమంతుడు సీతమ్మను దర్శించిన ఘట్టం రామాయణ శ్రోతలందరికీ సుపరిచితమే. శ్రీరాముడిచ్చిన ఉంగరం ఆయన వద్దనే ఉన్నది. తెచ్చిన వస్తువును చూపి, వచ్చిన పని చెప్పి మరలిపోవచ్చు. కాని ఆయన శింశుపా వృక్షంపై కూర్చొని దీర్ఘంగా ఆలోచిస్తాడు. రావణుని బెదిరింపులతో తల్లడిల్లి, ప్రాణత్యాగానికి సిద్ధపడిన తల్లి ఆమె. ఊరటపలుకు చెప్పకుండా వెళ్ళిపోతే ఆమె జీవితం నిలవకపోవచ్చు. హఠాత్తుగా ఎదుటికి వెళితే భయపడి కేక వేయవచ్చు, రాక్షస స్త్రీలు మేల్కొనవచ్చు, కార్యం చెడవచ్చు. పండితుని వలె సంస్కృతంలో మాట్లాడితే తనను మారువేషంలోని రావణుడే అనుకొనవచ్చు. ఇన్నీ తలపోసి, ఆమెకు ప్రియమైన రామకథను, ఆమెకు మాత్రమే వినిపించేంత మెల్లగా చెప్పడం ప్రారంభిస్తాడు.

ఆ తరువాత జరిగినది మరింత గమనించదగినది. హనుమంతుడు చేరువకు వస్తున్న కొలదీ సీతమ్మకు అనుమానం పెరిగిందని వాల్మీకి మహర్షి చెబుతాడు. అది గ్రహించిన హనుమ తొందరపడలేదు. నమస్కరించి, ఆమె అడిగిన ప్రశ్నలకు సమాధానం చెప్పాడు. రాముని గుణాలను, అవయవ లక్షణాలను, నరులకు వానరులకు స్నేహం కుదిరిన తీరును వివరించాడు. ఆమెకు విశ్వాసం కుదిరిన తరువాతనే ఉంగరం ఇచ్చాడు.

శిక్షకుడు రాసుకొని తెచ్చిన పాఠం కూడా అటువంటి ఉంగరమే. అది ఎంత విలువైనదైనా వినేవారి మనస్సు సిద్ధమైన తరువాతనే అందించాలి. ప్రథమ చికిత్స తరగతికి వచ్చినవారిలో చాలామందికి లోలోపల ఒక భయం ఉంటుంది. ‘నేను ముట్టుకుంటే ఏమైనా అవుతుందేమో, తప్పు నా మీదకు వస్తుందేమో’ అని. ఆ భయం తొలగకుండా ఛాతీ నొక్కే విధానం ఎంత వివరించినా చేతులు ముందుకు రావు. ఎదుట ఉన్న ముఖాలలో ఆ బెరుకు కనిపించినప్పుడు, శిక్షకుడు తన మొదటి అంశాన్ని పక్కన పెట్టి, ‘ఇటువంటి సమయంలో మీకు ఏ విషయంలో భయం వేస్తుంది?’ అని అడగవచ్చు. ఇద్దరు ముగ్గురు నోరు విప్పితే తక్కినవారికీ ధైర్యం వస్తుంది. గుండె ఆగిన మనిషికి ఏమీ చేయకపోవడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదమని అప్పుడు చెబితే, ఆ మాట నేరుగా మనస్సులో నాటుకుంటుంది. ఈ సంభాషణకు పది నిమిషాలు ఖర్చయినా అది వృథా కాదు.

ఏ సాధనంతో?

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలక ఆరుణి తన కుమారుడైన శ్వేతకేతువుకు చేసిన ఉపదేశం ఉన్నది. శ్వేతకేతువు పన్నెండవ యేట గురుకులానికి వెళ్ళి, వేదాలన్నీ చదివి, ఇరవై నాలుగవ యేట తిరిగివచ్చాడు. చదువుతో పాటు గర్వం కూడా వెంట తెచ్చుకున్నాడు. అటువంటి శిష్యునికి తండ్రి ఒకే పరమసత్యాన్ని తొమ్మిది మార్లు ఉపదేశిస్తాడు. ప్రతి ఉపదేశం తరువాత కుమారుడు ఇంకా వివరించమని కోరుతూ ఉంటాడు. ‘ఇదివరకే చెప్పాను కదా’ అని తండ్రి విసుగుకోడు. చెప్పినదే మళ్ళీ అదే విధంగా చెప్పడు. సత్యాన్ని అలాగే ఉంచి దృష్టాంతాన్ని మారుస్తాడు.

తేనెటీగలు వేర్వేరు పూల నుండి తెచ్చిన రసం ఒకే తేనెగా మారడం, నదులు సముద్రంలో కలిసిపోవడం, వృక్షంలో జీవం వ్యాపించి ఉండడం అనేవి మాటలతో చెప్పిన దృష్టాంతాలు. అప్పటికీ శిష్యుడు ఇంకా కోరడంతో తండ్రి అతని చేతికి పని పెట్టాడు. మర్రిపండు తెమ్మన్నాడు. పగులగొట్టమన్నాడు. లోపలి సన్నని గింజలలో ఒకదాన్ని కూడా చీల్చమని, ఏమి కనిపిస్తున్నదని అడిగాడు. ఏమీ కనిపించడం లేదన్నాడు కుమారుడు. ఆ కనిపించని దాని నుండే ఇంత మహావృక్షం నిలిచి ఉన్నదని అప్పుడు బోధించాడు. ఆ పైన రాత్రి నీటిలో ఉప్పు వేయించి, మరునాటి ఉదయం ఆ నీటిని పైభాగాన, నడుమ, అడుగున రుచి చూడమన్నాడు. కంటికి కనిపించని ఉప్పు నాలుకకు తెలిసింది.

మాటతో అందనిది చూపుతో, చూపుతో అందనిది చేతితో, నాలుకతో అందించడం ఉద్దాలకుని పద్ధతి. నేటి తరగతిలో కరెంటు పోయి తెర మీది బొమ్మలు మాయమైనప్పుడు చాలామంది శిక్షకులు చేతులు విరిగినట్లు భావిస్తారు. నిజానికి తరగతి అసలైన సాధనాల వైపు మరలడానికి అది మంచి అవకాశం. ఒక లీటరు నీళ్ళ సీసా, ఒక గ్లాసు, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ముందుకు తెప్పించి, చదువు వచ్చినవారి చేత ప్యాకెట్టు మీది కొలత చదివించాలి. చదువు రానివారి చేత సీసాలో కలిపించాలి. ప్యాకెట్టు దొరకనప్పుడు ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టిన కొలతతో కలపాలి. కలిపినదాన్ని రుచి చూడమనాలి. అది కన్నీటి కంటే ఉప్పగా ఉండరాదు. ఉద్దాలకుని ఉప్పు వలెనే ఇక్కడా ఎక్కువైన ఉప్పు కంటికి కనిపించదు. నాలుక దానిని పట్టిస్తుంది. ఒకసారి రుచి చూసినవారు ఆ కొలతను మరువరు.

ఛాతీ నొక్కడం నేర్పడానికి తెచ్చిన బొమ్మ ఒక్కటే ఉండి, వచ్చినవారు నూరు మంది అయితే, గట్టి దిండ్లతో చేతులు ఉంచే తీరు, మోచేతులు వంగకుండా నొక్కే తీరు సాధన చేయించవచ్చు. లోతు ఎంతో చేతికి తెలియడానికి మాత్రం వంతుల వారీగా బొమ్మ దగ్గరకే రావాలి. వేగం పట్టుబడడానికి యంత్రం అక్కరలేదు. భజన మండలి సభ్యులు ఉంటే వారికి తాళం పుట్టుకతో వచ్చినంత సహజం. ఒకరు గడియారం చూస్తూ ఉండగా అందరూ కలిసి చప్పట్లతో ముప్పై వరకు లెక్కించాలి. ఆ లెక్క 15 నుంచి 18 సెకన్లలో ముగిస్తే వేగం సరిగా ఉన్నట్లు. ముందే ముగిస్తే తొందర, ఆలస్యమైతే మందగమనం. మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే తాళం చేతులకు అలవాటవుతుంది, వాలిన కనురెప్పలు కూడా విచ్చుకుంటాయి.

ఎంత భారం?

భగవద్గీత పన్నెండవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు అర్జునునికి సాధనను మెట్లుమెట్లుగా చెబుతాడు. మనస్సును, బుద్ధిని తనయందే నిలుపుమంటాడు. అది స్థిరంగా సాధ్యం కాకపోతే అభ్యాసం చేయుమంటాడు. అభ్యాసానికీ శక్తి చాలకపోతే తన కొరకు కర్మలు చేయుమంటాడు. అదీ చేతకాకపోతే కర్మఫలాన్ని విడిచిపెట్టుమంటాడు. శిష్యునికి శక్తి లేదని చెప్పి ఏ మెట్టు దగ్గరా తలుపు మూయలేదు. ఇంకొక విశేషం ఏమంటే, చివరగా చెప్పిన కర్మఫల త్యాగాన్ని తక్కువ చేయలేదు. వెనువెంటనే వచ్చే శ్లోకంలో దానిని శాంతినిచ్చే సాధనగా ప్రశంసించాడు.

శిక్షణలో ఈ సూత్రం ఎంతో ఉపకరిస్తుంది. మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చోలేని పెద్దలు తరగతికి వస్తారు. వంగి ఛాతీ నొక్కడం వారికి సాధ్యం కాదు. అంతమాత్రాన వారిని వెనుక వరుసలో ప్రేక్షకులుగా కూర్చోబెట్టరాదు. 108కి ఫోను చేసి, ఏ ద్వారం దగ్గర, ఏ మంటపం పక్కన మనిషి పడిపోయాడో స్పష్టంగా చెప్పడం, అంబులెన్సుకు ఎదురువెళ్ళి దారి చూపడం, గుమికూడినవారిని వెనుకకు జరిపి గాలి ఆడేట్లు చూడడం, నొక్కేవారు అలసిపోయేలోగా మరొకరిని పిలవడం వారు చేయగల పనులు. వీటిని కూడా బొమ్మ మీద సాధన చేయించినంత శ్రద్ధగా, చేయించి నేర్పాలి. ఫోను చేసేవారు లేకపోతే నొక్కేవారి శ్రమ గమ్యం చేరదు. కనుక ఇది చిన్న పని అనే భావన ఎవరికీ కలగనీయరాదు.

సమయం తగ్గినప్పుడు కూడా ఇదే సూత్రాన్ని పాటించాలి. రెండు గంటల పాఠాన్ని ముప్పావు గంటలో గబగబా చెప్పడం శ్రోతలపై భారం మోపడమే అవుతుంది. అటువంటప్పుడు వేగం పెంచరాదు, అంశాలు తగ్గించాలి. కాగితంపై రాసుకున్న మూడు విషయాలను నింపాదిగా చేయించి, పాముకాటు, కాలిన గాయాలు, ఎముకలు విరగడం వంటివి మరొక తరగతికి వాయిదా వేయాలి. పది విషయాలు విన్న సేవకుని కంటే మూడు పనులు చేయగల సేవకుడు యాత్రికునికి మేలు చేస్తాడు. సిద్ధం చేసుకున్నదంతా చెప్పలేకపోయానన్న వెలితి శిక్షకునికి కలగడం సహజమే. కాని ఆ తరగతి శిక్షకుని విద్యాప్రదర్శన కొరకు ఏర్పడినది కాదని గుర్తుంచుకుంటే ఆ వెలితి తీరుతుంది.

చేరిందా, లేదా?

గీత చివరి అధ్యాయంలో, ఉపదేశమంతా ముగిసిన తరువాత శ్రీకృష్ణుడు అర్జునుని ఒక ప్రశ్న అడుగుతాడు. ఏకాగ్రతతో విన్నావా, నీ అజ్ఞానం వలన కలిగిన మోహం తొలగినదా అని. సాక్షాత్తు భగవానుడే తాను చెప్పినది శిష్యునికి చేరిందో లేదో విచారించాడంటే, మనం ఆ ప్రశ్న అడగకుండా తరగతిని ముగించడం తగదు.

అయితే నూరు మందిని ఉద్దేశించి ‘అర్థమైందా?’ అని అడిగితే ‘అయింది’ అన్న జవాబే వస్తుంది. చేసి చూపమనడమే సరైన పరీక్ష. ‘మన ముందు ఒక యాత్రికుడు వడదెబ్బతో తూలిపోతున్నాడు, మాట తడబడుతున్నది, ఒళ్ళు కాలిపోతున్నది. ఏం చేస్తారు?’ అని అడిగి, నలుగురిని ముందుకు పిలవాలి. నీడకు చేర్చడం, 108కి ఫోను చేయడం, ఒంటిపై నీరు చల్లి విసరడం, మెడ, చంకలు, గజ్జల వద్ద తడిగుడ్డలు వేయడం వారంతట వారే చేయాలి. ఎవరైనా మగతగా ఉన్న మనిషి నోటికి గ్లాసు అందించబోతే, ఆ క్షణంలోనే శిక్షకునికి తన పాఠంలో ఏది చేరలేదో తెలిసిపోతుంది. అప్పుడు ముందుకు సాగకుండా, ఆ ఒక్క విషయాన్ని మరొక విధంగా మళ్ళీ చెప్పాలి.

తప్పు చేసినవారిని పదిమందిలో నవ్వులపాలు చేయరాదు. చేసినవారి పేరు ఎత్తకుండా, ‘ఈ పని మనలో చాలామందికి వెంటనే తోచేదే, అందుకే మరొకసారి చూద్దాం’ అని సరిదిద్దాలి. సిగ్గుపడిన సేవకుడు రేపు క్యూలైనులో అవసరం వచ్చినప్పుడు ముందడుగు వేయడు.

మెత్తదనానికి హద్దు

శ్రోతలను బట్టి మారడం అంటే శ్రోతలు చెప్పినదానికల్లా తల ఊపడం కాదు. ‘మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవులు పెడితే తగ్గుతుంది’ అని ఒక పెద్దమనిషి తరగతిలో చెప్పవచ్చు. ఆ మాటను హేళన చేస్తే ఆయనతో పాటు ఆయనను గౌరవించేవారంతా దూరమవుతారు. ఔనని ఊరుకుంటే ఒక యాత్రికునికి హాని కలుగుతుంది. ‘ఆపదలో చేతనైన సాయం చేయాలన్న తలంపుతోనే పెద్దలు అలా చేశారు. ఆ తలంపును నిలుపుకొని మనం చేయవలసిన పని ఇది’ అని చెప్పి, వెంటనే చూపించాలి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులను తొలగించాలి. కాళ్ళు చేతులు బిగించి పట్టుకోరాదు. నోటిలో ఏమీ పెట్టరాదు. వీలు కాగానే ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోను చేయాలి. వీలైతే ఆ పెద్దమనిషి చేతనే ఇది చేయించడం ఉత్తమం. నలుగురి ఎదుట ఆయన చేసి చూపిన పద్ధతిని ఆయన ఊరివారు కూడా స్వీకరిస్తారు.

శిక్షకునికి తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు సమయస్ఫూర్తి పేరుతో జవాబు కల్పించరాదు. ‘ఇది వైద్యులను అడిగి రేపు చెబుతాను’ అనడంలో చిన్నతనం లేదు. మందులకు, మోతాదులకు సంబంధించిన ప్రశ్నలైతే వైద్యులకే విడిచిపెట్టాలి.

ఈ నాలుగు ప్రశ్నలు ప్రథమ చికిత్స తరగతికే పరిమితం కావు. గ్రామంలో భజన నేర్పేవారు, పిల్లలకు స్తోత్రపఠనం నేర్పేవారు, అన్నదాన సత్రంలో కొత్తవారికి వడ్డన విధానం చెప్పేవారు అందరూ తమను తాము ప్రశ్నించుకోవచ్చు. వీరికి ఏది ముందు అందించాలి? ఏ సాధనంతో అందించాలి? ఎంత మోయగలరు? చేరిందా, లేదా? వీటికి జవాబులు ఇంటి దగ్గర రాసుకున్న కాగితంలో దొరకవు. ఎదుట కూర్చున్నవారి ముఖాలలో దొరుకుతాయి. మార్చకూడని సత్యాన్ని గట్టిగా పట్టుకొని, తక్కినదంతా వినేవారికి అనుకూలంగా మలచగలిగిన శిక్షకుని తరగతి నుండి లేచినవారి చేతులలో ఆపదలో ఉన్న యాత్రికుడు సురక్షితంగా ఉంటాడు.